ఫిర్యాదు కూడా నివారణ వైద్యమే

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు దంపతులు బిడ్డను డే కేర్‌లో చేర్చే ముందు ఫీజు, దూరం, భోజనం గురించి విచారిస్తారు. గోడకు లైసెన్సు కనబడితే నిశ్చింతగా ఉంటారు. కాని లైసెన్సు అంటే కనీస ప్రమాణాలు పాటిస్తామన్న హామీకి ప్రభుత్వం వేసిన ముద్ర మాత్రమే. ఆ హామీ నిలుస్తున్నదో లేదో తేల్చేవి తనిఖీలు, ఫిర్యాదులపై జరిగే విచారణలు.

ఇది ఆరోగ్య విషయం కూడా. ఏడాదిలోపు శిశువును వెల్లకిలా, గట్టి పరుపుపై, దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టాలి. 1990లలో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టడం గురించి ప్రచారం చేపట్టిన తరువాత నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి. కాలిఫోర్నియాలోనైతే డే కేర్‌లో నిద్రించే రెండేళ్లలోపు పిల్లలను 15 నిమిషాలకొకసారి పరిశీలించాలన్న నిబంధన ఉంది. అయితే నిబంధన కాగితం మీద ఉంటే బిడ్డకు రక్షణ కలుగదు. దానిని అమలు చేస్తున్నారో లేదో ఎవరో ఒకరు చూడాలి.

2014లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, కేంద్ర నిధులతో పిల్లలను చూసుకునే లైసెన్సు గల సంస్థలను ఏడాదికి కనీసం ఒకసారి ముందుగా తెలియజేయకుండా తనిఖీ చేయాలి. ఆ నివేదికలను, రుజువైన ఫిర్యాదులను ప్రజలకు ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉంచాలి. కాలిఫోర్నియాలో ఫిర్యాదు అందితే సాధారణంగా 10 రోజులలోపు అధికారులు స్వయంగా అక్కడికి వెళ్లాలి. ఫిర్యాదు చేసినవారి పేరు సంస్థకు వెల్లడించరు.

అయినా మనవారు వెనుకాడతారు. "సీటు పోతుందేమో, బిడ్డను సరిగా చూడరేమో, మనకెందుకీ గొడవ" అనుకుంటారు. ఈ భయం సహజమే. అందుకే అక్కడి చట్టం ఫిర్యాదు చేసినవారిపైనా, వారి పిల్లలపైనా కక్ష సాధించడాన్ని నిషేధించింది. మీరు మౌనంగా బిడ్డను మరో చోటికి మారిస్తే మీ బిడ్డ బయటపడుతుంది. ఆ ఖాళీలో చేరిన మరో బిడ్డ అదే ప్రమాదంలో పడుతుంది. అంటువ్యాధి గురించి వైద్యుడు ఆరోగ్యశాఖకు తెలియజేయడం వంటిదే ఇది.

ఫిర్యాదు చేసినంతనే నేరం రుజువైనట్లు కాదు. అపోహలూ ఉంటాయి, తగిన ఆధారాలు దొరకనివీ ఉంటాయి. నిజాయితీగా నడిపే నిర్వాహకులకు నిష్పక్షపాత విచారణే రక్షణ.

కాబట్టి చేర్చే ముందు ఆ సంస్థ తనిఖీ నివేదికలను చదవండి. ఒక చిన్న లోపం చూసి బెదరకండి. అదే లోపం మళ్లీ మళ్లీ కనబడితే మాత్రం ఆలోచించండి. కాలిఫోర్నియాలో బిడ్డ అక్కడ ఉన్న వేళ ముందుగా చెప్పకుండా వెళ్లి చూసే హక్కు తల్లిదండ్రులకు ఉంది; దానిని వినియోగించుకోండి. కారణం చెప్పలేని గాయం కనబడితే ముందు వైద్యునికి చూపించండి, తేదీ, వేళ రాసిపెట్టుకోండి, ఆలస్యం చేయక అధికారులకు తెలియజేయండి.

మాటలు రాని పసివాని తరఫున మాట్లాడవలసినది మనమే.