కొట్టు మనది, తాళం వాళ్ళది



ఈ నెల మా ముందున్న ఉత్తరం మధురానగర్‌లో కాపురముంటున్న ఒక సహోదరి వ్రాసినది. వారి పెద్దబ్బాయి తొమ్మిదేళ్ళుగా దుబాయిలో ఒకరి దగ్గర పని చేస్తున్నాడు. ఇప్పుడు సొంతంగా మోటారు విడిభాగాల కొట్టు పెడతానంటున్నాడు. అక్కడి పౌరుడొకాయన తన పేరు మీద లైసెన్సు తీసి ఇస్తానన్నారట. పెట్టుబడికి మాత్రం ఇక్కడి ఫ్లాటు తాకట్టు పెట్టాలి. భర్త రిటైరైన డబ్బుతో కొన్న ఫ్లాటు, వారికున్న ఆస్తి అదొక్కటే. "బిడ్డ ఎదుగుదలకు అడ్డుపడ్డామన్న మాట రాకూడదు, కాని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు" అని ఆమె వ్రాశారు.

ఇటువంటి ఇళ్ళు మన మధ్య చాలా ఉన్నాయి. మధురానగర్ నుండి అమీర్‌పేట వైపు నడిచి వెళ్తే ఎటు చూసినా వీసా బోర్డులే. వెళ్ళడం ఎలాగో చెప్పే బోర్డులే గాని, వెళ్ళిన చోట వ్యాపారం ఎవరి దయ మీద నడుస్తుందో చెప్పే బోర్డు ఒక్కటీ మాకు కనబడలేదు.

వ్యాపారంలో నష్టం ఎక్కడైనా ఉన్నదే. అమీర్‌పేటలో మాత్రం కొట్లు మూతపడటం లేదా? అయితే ఇక్కడ అధికారి వచ్చి కొట్టుకు సీలు వేస్తే కోర్టుకు పోవచ్చు, పత్రికలవాళ్ళకు చెప్పుకోవచ్చు, ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చోవచ్చు. ఆలస్యమైనా అడిగే దారి ఒకటుంది. ఒక్కరి మాటే చట్టమైన దేశంలో, ఓటు లేని పరదేశికి ఆ దారి బహు ఇరుకు. అక్కడ పోయేది డబ్బు మాత్రమే కాదు, ఎందుకు పోయిందని అడిగే హక్కు కూడా.

మన తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. బర్మాకు వెళ్ళినవారిని తలచుకోండి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ మనవారిని కోరంగీలని పిలిచేవారు. విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల నుండి వెళ్ళి రంగూను ఓడరేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పని చేశారు, రిక్షాలు లాగారు. 1930ల నాటికి వారి సంఖ్య లక్షకు మించింది. కూలి చేసి నాలుగు డబ్బులు వెనకేసినవారు చిన్న చిన్న దుకాణాలు పెట్టుకున్నారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు అడవుల గుండా కాలినడకన పారిపోయి వచ్చినవారిలో ఎందరో దారిలోనే రాలిపోయారు. యుద్ధం ముగిశాక తిరిగి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టినవారున్నారు. ఇల్లు, బడి, గుడి, చర్చి అన్నీ అక్కడే గదా!

1962 మార్చి 2న సేనాధిపతి నెవిన్ ప్రభుత్వాన్ని పడదోసి అధికారం తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బ్యాంకులన్నీ ప్రభుత్వపరమైనాయి. 1964 మార్చిలో రంగూనులో దుకాణాల వంతు వచ్చింది. ప్రభుత్వ మనుషులు వచ్చి కొట్టు లెక్క వ్రాసుకున్నారు, తాళాలు తీసుకున్నారు, బయట "ప్రజల దుకాణం" అని నంబరు వేసిన బోర్డు పెట్టారు. నిన్నటి యజమాని నేడు ఆ గుమ్మం ముందు నిలబడే మనిషి అయిపోయాడు. అదే ఏడాది మే 17న ఏభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. కొట్టు పోయినా ఇంట్లో దాచుకున్న రొక్కమైనా మిగిలిందనుకున్నవారికి అది రెండో దెబ్బ. (ఆ దేశంలో ఈ నోట్ల పని అంతటితో ఆగలేదు. 1985లోను, 1987లోను మళ్ళీ జరిగింది.)

ఆ తరువాత లక్షల మంది భారతీయులు ఓడలెక్కారు. వెంట తెచ్చుకోనిచ్చిన సొమ్ము బహు కొద్ది. మద్రాసులో దిగినవారి వల్ల అక్కడ బర్మా బజారు వెలిసింది. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఈనాటికీ ఉంది. తిరిగివచ్చిన వారికి అప్పులిచ్చి నిలబెట్టడానికి 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకును పెట్టవలసి వచ్చింది. ఆ కుటుంబాలలో ఎవరూ దొంగ వ్యాపారం చేయలేదు, లెక్క తప్పలేదు. వారి తప్పంటూ ఏమైనా ఉంటే, సంపాదించినదంతా ఒకే దేశంలో, ఒకే పెట్టెలో ఉంచుకోవడమే.

కువైటు సంగతి మన కడప, గోదావరి జిల్లాల ఇళ్ళలో ఇంకా చెప్పుకుంటారు. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటులోకి వచ్చింది. అక్కడున్న మనవారు సుమారు లక్షా డెబ్బై వేల మంది. విమానాలు నడిపి వారిని ఇంటికి చేర్చడం మన ప్రభుత్వం చేసిన గొప్ప కార్యం. కాని మనుషులు వచ్చారు, కొట్లు రాలేదు. ఐక్యరాజ్యసమితి 1991లో నష్టపరిహార కమిషనును పెట్టింది. దేశం విడిచి రావలసి వచ్చిన మనిషికి, కుటుంబానికి ఇంతని కొంత సొమ్ము స్థిరపరచి ఇచ్చారు. అంతకు మించి కొట్టులో సరుకు పోయిందన్నవారు రుజువులు చూపవలసి వచ్చింది. మరి కొట్టు కాగితాల మీద వేరొకరిదైతే ఏమి చూపగలరు?

పెద్దవారికైనా ఈ గాలి తగలక మానదు. శ్రీకాకుళం వైపు రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థ మన శంషాబాదు విమానాశ్రయం కట్టింది. అదే సంస్థ మలేషియా వారితో కలిసి 2010లో మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయాన్ని పాతికేళ్ళకు తీసుకుంది. 51 కోట్ల డాలర్ల పని. మాల్దీవులు ముప్ఫై ఏళ్ళు గయూమ్ ఒక్కరి పాలనలో ఉండి 2008లోనే ఎన్నికలకు అలవాటు పడుతున్న దేశం. 2012 ఫిబ్రవరిలో, ఒప్పందం చేసుకున్న అధ్యక్షుడు నషీద్ గద్దె దిగవలసి వచ్చింది. నవంబరులో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందం మొదటినుండీ చెల్లదని, ఏడు రోజుల్లో ఖాళీ చేయమని చెప్పింది. సంస్థ సింగపూరు కోర్టుకు వెళ్ళి ఆపుదల తెచ్చుకుంటే, పై కోర్టు డిసెంబరు 6న దాన్ని కొట్టివేసింది. విమానాశ్రయం చేజారింది. అయితే ఒప్పందంలో తగవును సింగపూరు మధ్యవర్తుల ముందు తీర్చుకోవాలన్న షరతు ముందే వ్రాసి ఉంది. 2014లో ఆ మధ్యవర్తులు ఒప్పందం చెల్లుతుందన్నారు. 2016లో సుమారు 27 కోట్ల డాలర్లు ఇవ్వమన్నారు, మాల్దీవులు చెల్లించింది. నాలుగేళ్ళు పోరాడి తెచ్చుకోగలిగారంటే వెనుక పెద్ద వకీళ్ళున్నారు. విడిభాగాల కొట్టువాడికి అంత శక్తి ఎక్కడిది?

చైనాలో ఈవూ అనే పట్టణముంది. మన బేగంబజారులో కనబడేటువంటి బొమ్మలు, బుట్టలు, పిన్నీసుల వంటి చిల్లర సరుకుకు అది పెద్ద సంత. 2011 చివర అక్కడ యజమాని బాకీలు ఎగ్గొట్టి పారిపోతే, స్థానిక వర్తకులు ఆయన దగ్గర పనిచేసే ఇద్దరు భారతీయులను పట్టి నిర్బంధించారు. విడిపించబోయిన మన దౌత్యాధికారి అక్కడి కోర్టులోనే సొమ్మసిల్లి పడ్డాడు. ఆ ఊరితో వ్యాపారం చేయవద్దని మన రాయబార కార్యాలయమే అప్పట్లో ప్రకటన చేసింది. అప్పు ఒకరిది, సంకెళ్ళు మరొకరికి.

ఇప్పుడు సహోదరి ప్రశ్నకు వద్దాం. గల్ఫును మేము బర్మాతో సమానం చేయడం లేదు. ఆ ఎడారి వేలాది తెలుగు ఇళ్ళకు అన్నం పెట్టింది, నిజాయితీగా వ్యాపారం చేసి నిలిచినవారూ ఉన్నారు. దుబాయిలో చట్టాలు కొంత మెత్తబడ్డాయి కూడా. ఒకప్పుడు ఊరిలో కంపెనీ పెట్టాలంటే నూటికి 51 పాళ్ళు అక్కడి పౌరుడి పేరున ఉండవలసిందే. 2021 జూన్ నుండి చాలా రకాల వ్యాపారాలకు ఆ నిబంధన లేదు. అలాంటప్పుడు "నా పేరు మీద తీసి ఇస్తాను" అనే పెద్దమనిషి ఎందుకు కావలసి వచ్చాడో అబ్బాయిని నెమ్మదిగా అడగండి. సౌదీలో అయితే పౌరుడి పేరు మీద పరదేశి చాటుగా వ్యాపారం నడపడం పెద్ద నేరం. అయిదేళ్ళ వరకు జైలు, యాభై లక్షల రియాళ్ళ వరకు జరిమానా. చాటు ఒప్పందం వ్రాసుకున్నాం గదా అంటారు. ఆ కాగితం చూపితే నేరం ఒప్పుకున్నట్టే.

రెండోది చెక్కుల సంగతి. అక్కడ కొట్టు అద్దెకు ముందు తేదీలు వేసిన చెక్కులు తీసుకోవడం అలవాటు. పూర్వం చెక్కు తిరిగి వస్తే నేరుగా జైలే. 2022 జనవరి నుండి డబ్బు చాలక తిరిగి వచ్చిన చెక్కుకు చాలావరకు జైలు తప్పింది. అయినా ఖాతా మూసివేసినా, చెల్లించవద్దని బ్యాంకుకు చెప్పినా నేరమే. అప్పిచ్చినవాడు కోర్టుకు వెళ్ళి మనిషి దేశం దాటకుండా ఆపించవచ్చు. అప్పుడు పని చేయడానికి వీసా ఉండదు, ఇంటికి రావడానికి వీలుండదు.

ఎక్కువమందికి తెలియని సంగతి మరొకటి. 2020 జనవరిలో మన కేంద్రప్రభుత్వం ఇచ్చిన ప్రకటన ప్రకారం అక్కడి సివిల్ కోర్టు డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో మన డిక్రీలాగే అమలు జరిపించవచ్చు. కాబట్టి వదిలేసి వచ్చేస్తే అప్పు ఎడారిలోనే ఉండిపోతుందన్న మాట నమ్మవద్దు. ఫ్లాటులో అబ్బాయికి వాటా వ్రాసి ఉంటే ముందుగా ఇక్కడ ఒక వకీలుకు చూపించండి.

సహోదరీ, మా మాట అడిగారు గనుక చెబుతున్నాం. ఫ్లాటు కాగితాలు బ్యాంకుకు ఇవ్వకండి. అబ్బాయి తొమ్మిదేళ్ళలో దాచుకున్న దానితో, తన పేరు మీదే లైసెన్సు తీసి, చిన్న కొట్టుతో మొదలుపెట్టనివ్వండి. ప్రతి నెలా లాభంలో కొంత ఇక్కడి బ్యాంకుకు పంపమనండి. లైసెన్సు, అద్దె ఒప్పందం, ఇచ్చిన ప్రతి చెక్కు నకలు మీ బీరువాలో ఒకటి ఉండాలి. మరొక మాట, అక్కడి ప్రభుత్వాన్ని గురించి ఫోనులో ఎవరికీ ఏమీ వ్రాయవద్దని చెప్పండి. అక్కడ అది కూడా నేరం క్రిందకు వస్తుంది. ఇంతకూ కోడలి అభిప్రాయం ఏమిటో మీ ఉత్తరంలో లేదు. రేపు పిల్లలతో అక్కడ ఉండవలసింది ఆమే గనుక ఆమెను కూడా కూర్చోబెట్టి మాట్లాడండి.