జ్వరంలో ఫిట్స్ – ఎప్పుడు భయపడాలి?

రెండేళ్ళ బిడ్డకు సాయంత్రం నుంచి ఒళ్ళు కాలిపోతోంది. ఉన్నట్టుండి కళ్ళు తేలవేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇల్లంతా గొల్లుమంటుంది. ఒకరు తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు, మరొకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు. ఈలోగా ఫిట్స్ వాటంతటవే తగ్గిపోతాయి. ఘనత మాత్రం తాళంచెవులకు దక్కుతుంది!

ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి జ్వరంతో ఇలా ఫిట్స్ వస్తాయి. సాధారణంగా అయిదు నిమిషాల లోపే ఆగుతాయి. బిడ్డ కాసేపు మగతగా పడుకుని, లేచి అమ్మను గుర్తుపడతాడు. వీటివల్ల మెదడు చెడిపోదు. ఫిట్స్ వస్తున్నంతసేపూ బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. నోట్లో నీళ్ళు పోయకండి, చెంచా దూర్చకండి. మొదటిసారి అయితే, తగ్గినా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించండి. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకండి. వైరస్ జ్వరాల్లో అది పసివాళ్ళ కాలేయానికీ మెదడుకూ ముప్పు తేవచ్చు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు.

అసలు భయపడవలసింది మెదడువాపుకు. ఇందులో ఫిట్స్ ఆగినా బిడ్డ తేరుకోడు. పిలిస్తే పలకడు, వాంతులు ఆగవు, మెడ బిగుసుకుంటుంది. చంటిబిడ్డ పాలు మానేస్తుంది, మాడు ఉబ్బుతుంది. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, అదే రోజు మళ్ళీ వచ్చినా, ఒకవైపే కొట్టుకున్నా అనుమానించవలసిందే. "తెల్లారనివ్వండి, చూద్దాం" అనే మాట ఇంట్లో ఎవరన్నా వినకండి.

ఇంత తొందర దేనికంటారా? 2003లో జూన్, ఆగస్టు మధ్య అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు ఈ జబ్బు వస్తే 183 మంది చనిపోయారు. మొదట జపనీస్ మెదడువాపు అనుకున్నారు గాని, పరీక్షల్లో చాందీపురా వైరస్ బయటపడింది. 1965లో నాగపూర్ దగ్గరి ఆ పేరుగల ఊళ్ళో దొరికిన వైరస్ ఇది. ఇసుక ఈగలు కుట్టడంవల్ల సోకుతుంది. జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. దీన్ని చంపే మందు లేదు, టీకా లేదు. అయినా ఫిట్స్‌నూ, మెదడు వాపునూ అదుపుచేసి ఊపిరి నిలబెట్టే పని ఆసుపత్రిలోనే సాధ్యం. పైగా మెదడుకెక్కిన మలేరియా, మెదడు పొరలకు వచ్చే చీము జ్వరం కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి. వాటికి మందులున్నాయి, వేళకు పడాలి అంతే.

ఇసుక ఈగలు మట్టిగోడల పగుళ్ళలో, పశువుల పాకల్లో చేరతాయి. పగుళ్ళు మెత్తి, పిల్లలను దోమతెరలో పడుకోబెట్టండి. వరిచేల దోమలు తెచ్చే జపనీస్ మెదడువాపుకు మాత్రం టీకా ఉంది. ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, 16–24 నెలల మధ్య మరొకసారి వేస్తారు. మీ బిడ్డ టీకాల కార్డులో అది పడిందో లేదో ఒకసారి చూడండి.