లోపలి అంచున దాగిన ముప్పు

ఎలక్ట్రిక్ కారు కొంటే ఇంజన్ ఆయిల్ ఖర్చు తప్పుతుంది. టైర్ల ఖర్చు తప్పదు. నా కారు 18,000 కి.మీ. తిరిగేసరికి చక్రాల దగ్గర హోరు మొదలైంది. ఇంజన్ చప్పుడు లేదు కాబట్టే అది చెవిన పడింది. బయటికి టైర్లు బాగానే ఉన్నాయి. లిఫ్టు ఎక్కిస్తే గుట్టు బయటపడింది: ముందు టైర్ల లోపలి అంచులు నున్నగా అరిగిపోయాయి. అంతకు ముందు నెలే సర్వీసింగ్‌లో 'అంతా ఓకే' అన్నారు.

దోషం టో కోణానిది. చక్రాల ముందు భాగం కొద్ది మిల్లీమీటర్లు బయటికి తిరిగినా టైరు రోడ్డుకు పక్కగా రాసుకుంటూ దొర్లుతుంది. ఒక్క లోతైన గుంత చాలు, కోణం చెదరడానికి. ఏ కారుకైనా ఇంతే. కాకపోతే వందల కిలోల బ్యాటరీ బరువు, యాక్సిలరేటర్ తొక్కగానే అందే టార్క్ కలిసి ఇక్కడ అరుగుదలను వేగిరపరుస్తాయి.

అందుకే ప్రతి 10,000 కి.మీ.కు అలైన్‌మెంట్ చూపించండి, టైర్ల స్థానాలు మార్పించండి. సరిచేయక ముందు, తర్వాత తీసిన కొలతల ప్రింటవుట్ అడగండి. గాలి కంపెనీ చెప్పినంతే ఉంచండి. నెలకోసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి అంచు చూడండి. గాడి లోతు 1.6 మి.మీ.కు చేరితే టైరు మార్చాల్సిందే. వాన రోడ్డు మీద పట్టు జారితే బ్యాటరీ వారంటీ ఆదుకోదు.