ఫైలు తెరుచుకుంది సరే.. అర్థం మిగిలిందా?

మనకు బాబాయి వేరు, మేనమామ వేరు, పెదనాన్న వేరు. ఇక్కడ పిల్లల స్కూలు ఫారంలో ముగ్గురూ ‘అంకుల్’ అయిపోతారు. ఫారం తప్పుల్లేకుండానే నిండుతుంది. కానీ దాన్ని చూసి ఎవరు ఏ వరసో మళ్లీ చెప్పడం ఎవరితరమూ కాదు. చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో డేటాను ఒక ప్రమాణం నుంచి మరో ప్రమాణంలోకి మార్చేటప్పుడు జరిగేదీ ఇదే.

చిప్‌ను వర్ణించడానికి వెరిలాగ్, వీహెచ్‌డీఎల్ అని రెండు ప్రధాన భాషలున్నాయి. వెరిలాగ్‌లో సిగ్నల్ విలువలు నాలుగు రకాలు. వీహెచ్‌డీఎల్‌లో అందరూ వాడే ప్రామాణిక పద్ధతిలో తొమ్మిది. ‘ఇంకా విలువే ఇవ్వలేదు’ అనేది ఒకటి, ‘రెండు విలువలు ఢీకొని ఏదో తేలడం లేదు’ అనేది మరొకటి. వెరిలాగ్‌లోకి వచ్చేసరికి రెండూ ‘ఎక్స్’ అవుతాయి. ఆ తేడా ఇక తిరిగి రాదు.

పేర్లదీ అదే కథ. రీసెట్ అనే మాటను పెద్ద ‘ఆర్’తో ఒకచోట, చిన్న ‘ఆర్’తో మరోచోట రాస్తే వెరిలాగ్‌కు అవి రెండు సిగ్నళ్లు. వీహెచ్‌డీఎల్‌కు మామూలుగా ఒకటే. ఒకసారి మా కన్వర్టర్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి, రెండు సిగ్నళ్లను ఒకటి చేసేసింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. పాత, కొత్త డిజైన్లను పోల్చి చూడబట్టి బయటపడింది. తయారైన చిప్‌లో ఇలాంటి తప్పు దొరికితే ఫోన్ యాప్‌లా అప్‌డేట్ పంపి సరిచేయలేం. మాస్కులు మళ్లీ చేయించాల్సిందే.

1980లలో వచ్చిన ఎడిఫ్ అనే ఉమ్మడి ఫార్మాట్ నేర్పిన పాఠమూ ఇదే. ఫైలు రాసే పద్ధతి అందరిదీ ఒకటే అయినా, ఒక్కో కంపెనీ టూల్ దాన్ని ఒక్కోలా అర్థం చేసుకునేది. అందుకే 1990లలో వచ్చిన వెర్షన్‌లో, ఏ పదానికి ఏ అర్థమో చెప్పే నమూనాను కూడా చేర్చారు.

అయినా చాలాచోట్ల ఈ పనిని ‘కన్వర్టరే కదా’ అని కొత్తగా చేరినవాళ్లకు అప్పగిస్తారు. నా దృష్టిలో అది పొరపాటు. రెండు వైపులా బాగా తెలిసినవాళ్లు చేయాల్సిన పని అది. ప్రతి కన్వర్టర్‌తోపాటు ‘ఈ మార్పిడిలో ఏవి పోతాయి’ అనే జాబితా కూడా ఇవ్వాలి. వెనక్కి మార్చి, అసలుతో పోల్చి చూశాకే పని పూర్తయినట్టు లెక్క.

హైదరాబాద్‌లోనైనా, ఇక్కడైనా ఈ రంగంలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఈసారి ఎవరైనా ‘ఫైలు ఓపెన్ అయింది, పనైపోయింది’ అంటే, ఆ జాబితా ఏదని అడగండి.