ఈసారి జూపార్కు వద్దు, కొంపల్లి పోదాం



ప్రతి సంవత్సరం మన విహారయాత్ర అంటే జూపార్కు, లేకపోతే గోల్కొండ. అవి మంచివే, కాదనను. కానీ ఆరో తరగతి నుండి అదే పులిని చూస్తున్నాం, ఈపాటికి అది కూడా మనల్ని గుర్తుపట్టే ఉంటది. ఈసారి కొంపల్లిలో రన్‌వే 9 అనే కార్టింగ్ ట్రాక్‌కు తీసుకుపోవాలని నా అభిప్రాయం. బస్సుకు జూపార్కు దూరంలో సగం కూడా ఉండదు.

ఈ మాటంటే మా రూములో అందరూ నవ్వారు. "అది డబ్బున్నోళ్ళ ఆటరా, మనకెందుకు" అన్నారు. డబ్బున్నోళ్ళ ఆటే, నిజం. కానీ కోయంబత్తూరులో కరివర్ధన్ అనే ఆయన చేసిన పని వినండి. ఆయన మన వీధుల్లో తిరిగే మారుతీ 800 కారు ఇంజనునే తీసుకుని, ఒక్కడే కూర్చునే రేసు బండి తయారుచేశాడు. పైకప్పు లేదు, తలుపుల్లేవు, చక్రాలు బయటికే కనిపిస్తాయి. దాని పేరు ఫార్ములా మారుతీ. ఇంజను 796 సి.సి. మాత్రమే. అందరికీ ఒకే రకం బండి కాబట్టి గెలుపు నడిపినవాడిదే, బండిది కాదు. నారాయణ్ కార్తికేయన్ అలాంటి బండితోనే మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. వాళ్ళ నాన్న కూడా ర్యాలీలు నడిపినవాడే, అంటే మనలాగ ఏమీ లేకుండా మొదలుపెట్టలేదు, ఆ సంగతి దాచను. కరివర్ధన్ మాత్రం ఆ రోజు చూడలేదు. 1995లోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర తెరిచిన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు పిల్లల రేసులకు ఫార్ములా 4 ఉంది. మన దేశంలో 2023లో చెన్నై దగ్గరి ట్రాక్‌లో మొదలైంది. అక్కడా అందరికీ ఒకే బండి. 15 ఏళ్ళు నిండితే నడపొచ్చు. మన పదో తరగతి అన్నల వయసన్నమాట, రోడ్డు మీద స్కూటర్ లైసెన్సు కూడా రాని వయసు! ఆ బండి ఎక్కేవాళ్ళు ఎక్కువమంది ముందు కార్టు మీద నేర్చుకున్నవాళ్ళే.

కార్టులో నాకు నచ్చింది దాని ఇరుసు. మా ఇంటి ఎడ్లబండికి చక్రాలు రెండూ ఇరుసు మీద వేరువేరుగా తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, పోతుంది. కారులో ఆ పని డిఫరెన్షియల్ చేస్తుంది. కార్టుకు అది లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, తిరిగితే కలిసే తిరగాలి. మరి మలుపు ఎట్లా? లోపలి వెనక చక్రం నేల మీది నుండి కొంచెం లేస్తుంది, అప్పుడు బండి తిరుగుతుంది. స్ప్రింగులు కూడా ఉండవు, చట్రమే కాస్త వంగుతుంది. సైన్సు సారు బోర్డు మీద బొమ్మ గీసినా ఇది సగమే అర్థమైంది. పక్కన నిలబడి చూడాలి.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. ఊరి అంచున ఉన్న మనం పేపరులో ఫోటో చూశాం, అంతే.

ఇంకో మాట. రేసు బండిలో కూర్చునేది ఒక్కడు. వెల్డింగు చేసేవాడు, టైర్లలో గాలి చూసేవాడు, లేతు మీద ముక్క కోసేవాడు ఎందరో. మా తండా అన్నలిద్దరు ఐ.టి.ఐ. చదివి బాలానగర్‌లో లేతు మీదే పనిచేస్తున్నారు. మనల్ని ఎవరడిగినా టీచరు, పోలీసు, నర్సు అంటాం. అవే చూశాం కాబట్టి అవే అంటాం.

ఒక్క రౌండు టికెట్టుకు మన కాస్మెటిక్ చార్జీలు చాలవని నాకూ తెలుసు. అందరినీ ఎక్కించనక్కరలేదు. యాత్ర లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టేముందు కొంపల్లి పేరు కూడా రాయమని వార్డెన్ సారుకు నా మనవి. ఎనిమిది, తొమ్మిది క్లాసులవాళ్ళని అక్కడి షెడ్డు దగ్గర అరగంట నిలబెడితే చాలు. ఇరుసు సంగతి మెకానిక్‌ను నేనే అడుగుతా.

— తొమ్మిదో తరగతి విద్యార్థి