52కు జవాబు 290

2020 జనవరి 3న బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర అమెరికా డ్రోన్ దాడిలో ఇరాన్ జనరల్ ఖాసిం సులేమానీ హతమయ్యారు. ఇరాన్ ప్రతీకారానికి దిగితే 52 చోట్ల దెబ్బకొడతామని మర్నాడు ట్రంప్ ట్విటర్‌లో హెచ్చరించారు. 1979లో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో చిక్కుకుని 444 రోజులు బందీలుగా ఉన్న అమెరికన్ల సంఖ్య అది. 52 గురించి మాట్లాడేవాళ్లు 290ని కూడా గుర్తుంచుకోవాలని ఇరాన్ అధ్యక్షుడు రౌహానీ బదులిచ్చారు. 1988 జులై 3న బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్ వెళ్తున్న ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ కూల్చేసింది. అందులో ఉన్న 290 మందీ చనిపోయారు. వారిలో 66 మంది పిల్లలు, 10 మంది భారతీయులు. 1996లో అమెరికా పరిహారానికి ఒప్పుకుంది గానీ క్షమాపణ చెప్పలేదు. పైగా 1990లోనే ఆ నౌక కెప్టెన్‌కు పతకం ఇచ్చింది.

ఈ వైరాన్ని యురేనియం శుద్ధి దగ్గర మొదలుపెట్టడం మన టీవీ చర్చలకు అలవాటు. అసలు చిక్కు తేదీల్లో ఉంది. వాషింగ్టన్ తన లెక్కను 1979 నుంచి మొదలుపెడుతుంది, టెహ్రాన్ 1953 నుంచి.

బ్రిటిష్ వారి చేతిలో ఉన్న ఇరాన్ చమురును 1951లో ప్రధాని మొసాద్దిక్ జాతీయం చేశారు. ఆయన్ను దించడానికి సీఐఏ, ఎంఐ6 పన్నిన పథకం 1953 ఆగస్టులో మొదట బెడిసికొట్టి, రాజు షా దేశం విడిచి పారిపోయాడు కూడా. ఆగస్టు 19న రెండో ప్రయత్నం ఫలించి, షా తిరిగొచ్చాడు. మొసాద్దిక్‌కు మూడేళ్ల జైలు, తర్వాత చనిపోయేదాకా సొంత ఊళ్లో గృహనిర్బంధం.

అందుకే 1979 అక్టోబరులో విప్లవంలో గద్దె దిగిన షాను వైద్యం కోసం అమెరికా రానిచ్చినప్పుడు, ఆయన్ను మళ్లీ గద్దెనెక్కిస్తారేమోనని టెహ్రాన్ విద్యార్థులు అనుమానించారు. నవంబరు 4న రాయబార కార్యాలయంలోకి చొరబడ్డారు. సిబ్బంది హడావుడిగా యంత్రంలో వేసి పేలికలు చేసిన రహస్య పత్రాలను, తివాచీ నేతగాళ్లను కూర్చోబెట్టి పోగుకు పోగు కలిపినట్టు అతికించారు. సంపుటాలుగా అచ్చు కూడా వేశారు. అదే భయంతో, షా సైన్యాన్ని నమ్మలేక కొత్త పాలకులు పెట్టుకున్నదే రివల్యూషనరీ గార్డ్.

మరుసటి ఏడాది ఇరాక్ నేత సద్దాం దండెత్తాడు. ఎనిమిదేళ్ల ఆ యుద్ధంలో 1987లో సర్దష్త్ పట్టణం మీద ఇరాక్ విషవాయువు వదిలితే పెద్ద దేశాలు చూసీచూడనట్టు ఊరుకున్నాయి. 1988లో టెహ్రాన్ మీదే క్షిపణులు పడ్డాయి. షా కొన్న అమెరికన్ విమానాలకు విడిభాగాలు దొరకడం గగనమైంది. మన ఆయుధాలు మనమే చేసుకోవాలి, శత్రువును సరిహద్దుకు దూరంగానే నిలవరించాలి అన్న పాఠం అప్పుడే ఒంటబట్టింది. క్షిపణుల కర్మాగారాలు, లెబనాన్‌లోని హిజ్బుల్లాకు సాయం ఆ పాఠంలోనివే.

అలాగని ఇరాన్ పాలకుల జ్ఞాపకశక్తి నిష్కల్మషమైనదేమీ కాదు. విప్లవం తర్వాత టెహ్రాన్‌లోని పహ్లావీ వీధికి ప్రజలు మొసాద్దిక్ పేరు పెట్టుకుంటే, మతపెద్దలు దాన్ని తీసేసి వలీ అస్ర్ అని మార్చారు. అమెరికాను తిట్టడానికి మొసాద్దిక్ కావాలి, ఆయన నమ్మిన పార్లమెంటరీ రాజకీయం మాత్రం అక్కర్లేదు. సొంత ప్రజలు వీధుల్లోకి వచ్చిన ప్రతిసారీ విదేశీ కుట్ర అనేయడానికీ 1953 అక్కరకొస్తోంది.

2015 జులైలో కుదిరిన అణు ఒప్పందం నుంచి 2018 మే 8న ట్రంప్ తప్పుకున్నారు. దానికి మనమూ మూల్యం చెల్లించాం. 2019 మేలో ఆంక్షల మినహాయింపు ముగియగానే ఇరాన్ చమురు కొనడం మానేశాం. 2025లో ఒమన్ మధ్యవర్తిత్వంతో చర్చలు సాగుతూ జూన్ 15న మస్కట్‌లో తర్వాతి విడత జరగాల్సి ఉండగా 13న ఇజ్రాయెల్ దాడి చేసింది. 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాలపై విరుచుకుపడింది. 1953ను పుస్తకాల్లో చదువుకున్న తరానికి ఇప్పుడు సొంత అనుభవం తోడైంది. 2015 ఒప్పందానికి అమెరికన్ సెనేట్ ఆమోదముద్ర లేదు, తర్వాతి అధ్యక్షుడు దాన్ని ఒక్క సంతకంతో కొట్టేశాడు. అక్కడి చట్టసభ పూచీ లేని కాగితాన్ని టెహ్రాన్ ఇక నమ్మదు. నమ్మమని అడగడమూ న్యాయం కాదు.