కళాశాల ద్వారాలు ఎవరికోసం?

బీజాపూర్ నుంచి బాసగూడకు వెళ్లే దారిలో ఉన్న ఆవపల్లి తెలుగువారికి పేరులో గాని, పలుకులో గాని పరాయిది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్ ప్రాంతమంతటా గోండి, దోర్లీ, హల్బీ మాటల నడుమ తెలుగు కూడా వినిపిస్తూనే ఉంటుంది. దోర్లాలకు గోదావరి తీరపు కోయలతో భాషలోనూ, ఆచారాల్లోనూ దగ్గరి పోలిక ఉంది. 2005 తరువాత సల్వాజుడుం కాలంలో ఇక్కడి పల్లెలు చెదరిపోయినప్పుడు వేలాది కుటుంబాలు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో తలదాచుకున్నాయి. కనుక ఆవపల్లి ప్రాంతంలో పాట ఏమవుతున్నది, ఆట ఏమవుతున్నది అన్న ప్రశ్న తెలుగు పాఠకునికి సంబంధం లేనిది కాదు.

ఇటువంటి మారుమూల ప్రాంతపు కళాశాలల్లో జరిగే సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రజలందరినీ ఆహ్వానించాలన్న సూచన పట్టణవాసికి స్వల్ప విషయంగా తోచవచ్చు. హైదరాబాదులోనో, రాయ్‌పూర్‌లోనో గేటు తెరిచి నాలుగు వరుసల కుర్చీలు అదనంగా వేస్తే సరిపోయే పని అది. ఊసూరు బ్లాకులో అలా కాదు. ఇక్కడ జనం ఒకచోట గుమికూడడమే ఏళ్ల తరబడి అనుమానాస్పదమైన చర్యగా ఉండిపోయింది. 2012 జూన్ 28 రాత్రి బాసగూడ సమీపంలోని సార్కేగూడ వద్ద భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది మరణించారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకునేందుకే తాము సమావేశమయ్యామని గ్రామస్థులు మొదటినుంచీ చెబుతూ వచ్చారు. మృతులు మావోయిస్టులని చెప్పేందుకు ఆధారాలు లేవని న్యాయ విచారణ కమిషన్ తేల్చిన సంగతి 2019లో గాని వెలుగు చూడలేదు. పండుగ మాట ఎత్తుకున్న గుంపు మీద తుపాకి పేలిన నేల మీద ‘అందరూ రండి’ అని ఒక విద్యాసంస్థ పిలవడం మామూలు విషయం కాదు.

రెండో పక్షం చేసిన హానీ తక్కువేమీ కాదు. మావోయిస్టులు పాఠశాల భవనాలను పేల్చివేశారు. మిగిలిన భవనాల్లో కొన్నింటిని భద్రతా దళాలు విడిదులుగా మార్చుకున్నాయి. వాటిని ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. బీజాపూర్, దంతెవాడ ప్రాంతాల్లో వెదురుతో, తేలికపాటి పలకలతో కట్టిన పోర్టా కేబిన్ వసతి పాఠశాలల్లోనే ఒక తరం చదువుకుంది. చదువుల గూడు అన్నది ఇక్కడి ప్రజల జ్ఞాపకంలో ముళ్లకంచె, ఇసుక బస్తాలతో ముడిపడి ఉంది. ఆ ముద్ర చెరగాలంటే గోడలకు రంగులు వేస్తే చాలదు. ఊరి పెద్ద, సంతకు వచ్చిన ముసలమ్మ, డోలు భుజాన వేసుకున్న కళాకారుడు ఎవరినీ అడగకుండా ఆ ఆవరణలో అడుగుపెట్టగలగాలి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనలేం. జగదల్‌పూర్ సమీపంలోని ఆస్నాలో బస్తర్ నృత్య, కళ, సాహిత్య, భాషా అకాడమీ 2021లో ప్రారంభమైంది. 2025 వసంతంలో ‘బస్తర్ పండుం’ పేరిట నృత్యాలు, పాటలు, వాద్యాలు, ఆభరణాలు, వంటకాలలో పోటీలు జరిపి దంతెవాడలో భారీ ఎత్తున ముగింపు సభ నిర్వహించారు. కేంద్ర హోంమంత్రి స్వయంగా హాజరయ్యారు. వేలమంది కళాకారులకు అది ఒక అవకాశం. కాని పోటీకి ఒక లక్షణం ఉంది. రాత్రంతా సాగవలసిన పాటను అది కొద్ది నిమిషాలకు కుదిస్తుంది. విత్తనాల వేళ పాడవలసింది వేదిక దొరికినప్పుడు పాడిస్తుంది. చూసేవారు ఒక పక్క, ఆడేవారు మరో పక్క నిలబడతారు. పండుం అంటే గోండిలో పండుగే. పండుగలో ప్రేక్షకులంటూ విడిగా ఉండరు. పైగా ఆస్నా గాని, జగదల్‌పూర్‌లోని విశ్వవిద్యాలయం గాని ఆవపల్లికి 150 కిలోమీటర్లకు పైగా దూరం. ఏడాదికోసారి లారీలో వెళ్లి ఆడివచ్చే కళకూ, ఊరి పక్కనే నెలకోసారి వినిపించే కళకూ తేడా ఉంటుంది.

కళాశాల ఊరికి కళాక్షేత్రం కాగలదనడానికి తెలుగు నాట మంచి నిదర్శనమే ఉంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పినప్పుడు దానికి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. హరికథనే శ్వాసగా బతికిన ఆయనకు శ్రోతలు తరగతి గదికి పరిమితం కారు. 1936లో ఆ బాధ్యత స్వీకరించిన ద్వారం వెంకటస్వామినాయుడు వాయులీనానికి తెచ్చిన గౌరవం లోక విదితం. ఘంటసాల వంటివారు అక్కడి విద్యార్థులే. రాజాస్థానపు పోషణ ఉన్నందున విజయనగరానికి అది సాధ్యమైందని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే 1977లో ఢిల్లీ ఐఐటీ ఆచార్యుడు కిరణ్ సేఠ్ ఆరంభించిన స్పిక్ మెకే ఉద్యమానికి ఏ రాజూ అండగా లేడు. మహా విద్వాంసులను అది రుసుము లేకుండా కళాశాలల మెట్ల మీదికి తెచ్చింది. లోటు ఒక్కటే. పట్టణం నుంచి పల్లెకు శాస్త్రీయ కళను తీసుకువెళ్లడం తెలిసినంతగా, పల్లె కళను పల్లె కళాశాలలోనే గౌరవించడం మన విద్యావ్యవస్థకు తెలియలేదు.

సకిని రామచంద్రయ్య ఉదంతాన్ని ఇక్కడ తలచుకోవాలి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన ఈ కోయ కళాకారుడు సమ్మక్క సారలమ్మల గాథలను, కోయ వంశాల చరిత్రను డోలు దరువు మీద కోయ భాషలోనూ, తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. పద్మశ్రీ వచ్చాక అభినందన సభలకు కొదవ ఉండదు. కాని అటువంటి గాయకుడు గిరిజన ప్రాంతపు కళాశాలలో ఒక ఏడాదిపాటు కూర్చుని ఆ వంశగాథలను పిల్లలకు నేర్పే ఏర్పాటు మన వ్యవస్థలో ఎక్కడ ఉంది? కాగితం మీద మాత్రం ఉంది. ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ నివాస కళాకారులు ఉండాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెబుతోంది. స్థానిక కళాకారులను, చేతివృత్తులవారిని ఎలా నియమించుకోవాలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఆ సదుపాయాన్ని దక్షిణ బస్తర్ కంటే ముందు వాడుకోవలసిన చోటు దేశంలో ఎక్కడుంటుంది? ఇక్కడ డోలు కొట్టే వృద్ధుడికి పట్టా లేదన్న అభ్యంతరం ఏ గుమాస్తా అయినా లేవనెత్తితే, దానికి ఆ మార్గదర్శకాలే జవాబు చెబుతాయి.

ఇందులో ఆర్థికాంశమూ ఇమిడి ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన బస్తర్ ఢోక్రా లోహశిల్పం మహానగరాల అంగళ్లలో ధర పలుకుతోంది. దాన్ని పోతపోసిన చేతికి దక్కేది ఎంతన్నది పాత ప్రశ్నే. శిల్పానికి కనీసం ఒక ధర చీటీ ఉంది, పాటకు అది కూడా లేదు. అధికారిక ఉత్సవాల్లో నృత్య బృందానికి భోజనం, రవాణా కల్పిస్తే చాలునన్న ధోరణి నేటికీ ఉంది. ఇప్పపూలు, తునికాకు ఏరే రోజుల్లో ఒక కుటుంబం కూలి వదులుకుని ఆటకు రావడమంటే అది నష్టమే. ఆ నష్టాన్ని కళాసేవ పేరుతో గిరిజనుల నెత్తినే రుద్దడం న్యాయం కాదు.

ఆహ్వానం ఏ భాషలో ఉందన్నది కూడా పరిశీలించవలసిందే. కళాశాల వార్షికోత్సవాలంటే ముందు వరుస సోఫాలు అధికారులకు, దండలు నాయకులకు, హిందీలో వ్యాఖ్యానం, సినిమా పాటకు విద్యార్థుల నృత్యం అన్నది ఒక అచ్చుగా మారిపోయింది. సినిమా పాట నేరం కాదు, పిల్లలకు అదీ కావాలి. అయితే వేదిక మీద గోండి గాని, దోర్లీ గాని మాట్లాడేవారు ఒక్కరూ లేనప్పుడు ప్రవేశం ఉచితమన్న ప్రకటన వల్ల ఉపయోగం లేదు. జనం గేటు బయటే నిలబడి చూసి వెళ్లిపోతారు. ఆవరణలోకి వచ్చేవారి పేర్లు, ఊళ్లు పుస్తకంలో రాయించే పద్ధతి ఉంటే ఆ మాత్రం కూడా రారు. భద్రత పేరిట అడిగే ఆ సంతకానికి ఈ ప్రాంతంలో ఎంత భయం ముడిపడి ఉందో సార్కేగూడ చుట్టుపక్కల గ్రామాలవారికి వేరే చెప్పనవసరం లేదు.

2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని నిర్మూలిస్తామని కేంద్రం ప్రకటించింది. రోడ్లు, సెల్ టవర్లు, శిబిరాలు అంచెలంచెలుగా అడవిలోకి వెళ్లాయి. శాంతికి కొలబద్దలుగా వీటి లెక్కలే చూపుతున్నారు. ఆవపల్లి పరిసరాల్లో ఒక కళాశాల ఆవరణలో సంత రోజున, చీకటి పడకముందే ఇళ్లకు చేరే వీలుండేట్టు పట్టపగలు డోలు మోగించి, వచ్చినవారిని పేరు అడగకుండా కూర్చోబెట్టి, ఆడినవారికి పారితోషికం అదే సాయంత్రం చేతికివ్వడానికి పెద్ద బడ్జెటు అక్కరలేదు. జిల్లా యంత్రాంగం అనుమతి, ఒక ప్రిన్సిపాల్ చొరవ ఉంటే వచ్చే విత్తనాల పండుగకే అది మొదలుపెట్టవచ్చు.